ఈరమ్మ గుంపులో మధ్య మునుం

రాయచూరు వెళ్తున్నానంటే మా అపార్ట్‌మెంటులో అందరూ ఒకటే అడిగారు, "అక్కడేముందండీ చూడ్డానికి?" అని. చూడ్డానికి కాదు, చెప్పడానికి వెళ్తున్నానని గొప్పగా జవాబిచ్చాను. హైదరాబాదులో ఒక మందుల ఫ్యాక్టరీలో, పర్సనెల్ డిపార్ట్‌మెంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చిన్న చిన్న కంపెనీల యజమానులను కూర్చోబెట్టి క్లాసులు చెబుతుంటాను. మనిషే అసలు పెట్టుబడి, యజమాని పాత్ర మారుతోంది, హుకుం చేసే రోజులు పోయాయి, ఇలాంటివి. బాగానే చెబుతానని పేరు కూడా ఉంది.

మా పిన్ని కొడుకు బాబ్జీది రాయచూరు జిల్లాలో పోతనాళ దగ్గర. వాళ్ల నాన్న పశ్చిమ గోదావరిలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని తుంగభద్ర కాలువ కింద భూమి కొనుక్కున్నాడు. బాబ్జీకి ఇప్పుడు పాతిక ఎకరాల వరి, ఒక రైస్ మిల్లు. జులైలో ఒక పొద్దున్న ఫోన్ చేశాడు.

"అక్కా, పొలం ఉంది, నీళ్లున్నాయి, మిషన్లున్నాయి. మనుషులే నిలవట్లేదే బాబూ! పోయినేడు నాట్ల గుంపు సగంలో వదిలేసి పక్క క్యాంపుకి పోయింది. ఊరందరికీ చెప్తావు కదా, మాకూ వచ్చి నాలుగు ముక్కలు చెప్పి పోరాదూ?"

అలా పిలిస్తే నేనాగుతానా? బ్యాగులో రెండు చీరలు, నా క్లాసు నోట్సు పెట్టుకుని బస్సెక్కేశాను.

రాయచూరు: బోర్డు మీద ఎవరి పేరు

కృష్ణ దాటి రాయచూరులో దిగేసరికి పదయింది, ఆకలి దంచేస్తోంది. బస్టాండు దగ్గర ఒక బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. అందరి చేతుల్లోనూ పేపరు ప్లేట్లు, ప్లేట్లలో పోపు పెట్టిన మరమరాలు, పక్కన రెండేసి మిరపకాయ బజ్జీలు. మా కర్నూలు స్నేహితురాలు దీన్నే ఉగ్గాణి అంటుంది. ఇక్కడ వగ్గరణి. ప్లేటు నలభై రూపాయలు. బజ్జీ కొరికానో లేదో కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఇంకో ప్లేటు అడిగాను.

బండి మీద కన్నడంలో పెద్ద బోర్డు. పక్కాయన చదివి పెట్టాడు, మౌలా మిర్చి సెంటర్ అని. గల్లా దగ్గర కూర్చున్న మనిషిని అడిగాను, మౌలా అంటే మీరేనా అని.

"నేను గాదమ్మా, నేను బసప్పని. మౌలా ఆయన, గా బాణలి కాడ నిలవడ్డడు సూడు."

"మరి బండి ఎవరిది?"

"బండి నాదే."

"మీ బండికి ఆయన పేరు పెట్టారా?"

"జనం ఆయన మిర్చికి వస్తరమ్మా. నా మొకం జూసి ఎవడొస్తడు?" అని నవ్వి, మౌలాతో ఉర్దూలో ఏదో చెప్పి, ఉల్లిపాయలు తెచ్చినామెతో కన్నడంలో బేరమాడి, మళ్లీ నాతో తెలుగులోకి వచ్చాడు. అన్నీ ఒక్క ఊపిరిలోనే. మౌలా చాయ్ తాగడానికి కూర్చుంటే బసప్పే లేచి బాణలి దగ్గర బూడిద ఎత్తాడు. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర చైర్మన్‌గారి ఫోటో ఆరడుగులుండేది. మందు కలిపేవాళ్ల పేరు గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్లో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. బసప్ప సంగతి నోట్సులో రాసుకున్నాను.

కవితాళ: ఒకటే చీరా?

బాబ్జీ జీపేసుకుని వచ్చాడు. పవర్ టిల్లర్‌కి ఏదో సామాను కవితాళలో దొరుకుతుందని అటు చుట్టు తిరిగి వెళ్లాం. దారంతా మెట్ట, కంది, పత్తి. దారిపొడుగునా నేను చెబుతూనే ఉన్నాను, అతను "ఊ" కొడుతూనే ఉన్నాడు. చివరికి తేల్చాను. మీ గుంపుకి ఉత్సాహం లేదు, ఎందుకంటే ఎంత బాగా చేసినా ఎవరికీ ప్రత్యేకంగా ఏమీ రాదు. అందరికన్నా ముందు నాటిన మనిషికి ఒక బహుమతి పెట్టు, చూడు, పరుగులు పెడతారు.

బాబ్జీ మొహం వెలిగిపోయింది. కవితాళలోనే చీరల కొట్టుకెళ్లి ఇల్కల్ చీర తీశాం. వంగపండు రంగు, ఎర్రటి కొంగు. పద్దెనిమిది వందలన్నది పద్నాలుగు వందలకి దింపాను. మూట కడుతూ కొట్టు పెద్దాయన ఎవరి పెళ్లమ్మా అని అడిగాడు. సంగతి చెప్పాను.

"ఎంతమంది ఆడోళ్లు?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిది మందికి ఒక్కటే చీర ఏందమ్మా?" అని నా వంక అదోలా చూశాడు. బేరంలో నాలుగొందలు పోయిన బాధతో అంటున్నాడనుకున్నాను.

మధ్యాహ్నం అక్కడి ఖానావళిలో తిన్నాం. భోజనానికి వంద రూపాయలు, కడుపు నిండేదాకా జొన్నరొట్టెలు. పుండిపల్లె అని వడ్డించారు, తీరా నోట్లో పెట్టుకుంటే మన గోంగూరే! జొన్ననూకతో కలిపి మెత్తగా ఉడికించి వెల్లుల్లి పోపేశారు. పైన వేరుశెనగ పొడి. గోంగూరంటే మనకే తెలుసనుకునే గుంటూరు చుట్టాలందరినీ ఆ బల్ల ముందు కూర్చోబెట్టాలనిపించింది.

క్యాంపులో: గొళ్ళెం ఎటువైపు

కాలువ దాటగానే రంగు మారిపోయింది. ఎటు చూసినా నీళ్లు నిండిన మళ్లు, నారుమళ్లు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లని ఇక్కడ క్యాంపులంటారు. పేరుకే క్యాంపు, డాబాలు, ముగ్గులు, పూతరేకుల డబ్బాలు, అంతా మన వైపే. బాబ్జీ భార్య సుజాత గుమ్మంలోనే కాఫీ ఇచ్చింది.

నాట్ల గుంపు తెలంగాణ సరిహద్దు పల్లెల నుంచి వస్తుంది. ఈ సీజన్లో ధాన్యం ఉండదు కాబట్టి మిల్లు గోదాము ఖాళీ, వాళ్ల బస అందులోనే. గుంపుకి పెద్ద ఈరమ్మ. యాభై అయిదేళ్లుంటాయి, పీలగా, చెంపల మీద పచ్చబొట్టు. ఎకరానికింతని గుత్త మాట్లాడేది ఆమే, వచ్చింది అందరికీ సమానంగా పంచేదీ ఆమే. ఈమె గురించి సుజాత చెప్పిన మాట నాకు భలే నచ్చింది.

"పోయినేటి గుంపు పోయాక ఈవిడ్ని పిలిచాం వదినా. గుత్త మాట్లాడుతుందేమోనని మీ తమ్ముడు కాగితం పెన్నూ పట్టుకుని కూర్చున్నారు. ఈవిడ తిన్నగా గోదాము వెనక్కెళ్లి స్నానాల గది తలుపు తీసి చూసింది. గొళ్ళెం బయటే ఉంది, లోపల్లేదు. లోపల గొళ్ళెం పెట్టించినాక పిలవండని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయింది."

"పెట్టించాడా?"

"మర్నాడే పెట్టించారు. రెండు గదులు కొత్తవి కూడా కట్టించారు. ఏడు గుంపులొచ్చాయండీ ఈ పదేళ్లలో, గొళ్ళెం సంగతి మాకెవరూ చెప్పలేదు. మాకూ తట్టలేదు."

మర్నాడు సాయంత్రం గోదాము దగ్గరికెళ్తే రొట్టెలు తడుతున్నారు. నన్ను కూర్చోబెట్టి వేడి రొట్టె మీద కారం పెట్టి ఇచ్చారు. ఈరమ్మ ఎవరెవరు ఏంటో చెప్పింది. మారెమ్మ చెయ్యి ఆ పద్దెనిమిది మందిలోకీ వేగం. శావంత్రి బెంగళూరులో పదేళ్లు కంకర మోసి, అక్కడ మొగుడు పోతే ఊరికొచ్చి, మూడేళ్ల క్రితం ఈ గుంపులో చేరింది. ఇద్దరు ఆడపిల్లలు ఊళ్లో బడిలో ఉన్నారు. శావంత్రి సిగ్గుపడుతూ, "నాటు నాకు చిన్నప్పుడు రాలేదమ్మా. గీ గుంపులకొచ్చినంకనే నేర్చిన. ఇప్పుడు అందర్తోని సమానం నాటుత," అంది. ఆ మాట అన్నప్పుడు మెడ నిటారుగా పెట్టుకుంది. నాకు ముచ్చటేసింది.

మూడో రోజు: బురద సందు

పొద్దున్నే ఆరింటికి గట్టు మీద నిలబడి బహుమతి ప్రకటించాను. ప్రతి మడిలో ఎవరు ముందు వెనక గట్టు చేరితే వాళ్లకో మార్కు, ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకి ఈ చీర. చీర మడత విప్పి చూపించాను కూడా. కుర్ర ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఈరమ్మ నవ్వలేదు.

"మా గుంపుల గట్ల నడ్వదక్కా."

"ఒక్కరోజు చూద్దాం ఈరమ్మా, నచ్చకపోతే మానేద్దాం."

ఆమె బాబ్జీ వైపు చూసింది. వాళ్లు బాబ్జీని ధణి అంటారు, యజమాని అని. "అక్క అంత దూరం నుంచి వచ్చింది కదా ఈరమ్మా," అని బాబ్జీ బతిమాలాడు. ఇంటికొచ్చిన చుట్టం మాట కాదనలేక కాబోలు, "సరే, సూడుండ్రి మరి," అని చీర కుచ్చిళ్లు ఎగదోపి మడిలోకి దిగింది.

నాటు ఎలా వేస్తారో చూడనివాళ్ల కోసం చెబుతాను. అందరూ వరసగా నిలబడతారు. ఒక్కొక్కరి ముందు ఒక పట్టీ, దాన్నే మునుం అంటారు. వంగి నాటుతూ వెనక్కి అడుగేస్తూ పోవాలి. అందరూ సమంగా వెనక్కి జరిగితే ముందంతా ఒకే పచ్చని చాపలా పరుచుకుంటుంది. ఒకరు వెనకబడితే వాళ్ల పట్టీ ఖాళీగా ఉండిపోతుంది, అటూ ఇటూ పక్కవాళ్ల నాటు మాత్రం పచ్చగా కనిపిస్తుంది.

అరగంటలో పరుగు మొదలైంది. మారెమ్మ చేతులు కనపడటం లేదు, అంత వేగం. నేను గట్టు మీద చప్పట్లు కొడుతున్నాను. బాబ్జీ ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "చూశావా, ఇదీ మనిషిలో దాగి ఉన్న శక్తి," అని కూడా అన్నట్టు గుర్తు. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండో మడి సగానికొచ్చేసరికి శావంత్రి కనపడలేదు. కాదు, కనపడింది, కానీ ఒంటరిగా. మిగతా అందరూ పది పన్నెండు గజాలు వెనక్కి వెళ్లిపోయారు. ఆమెకి రెండు పక్కలా పచ్చగా నాటు, మధ్యలో సన్నటి బురద సందు, ఆ సందులో వంగి ఆమె గబగబా నాటుతోంది. తొందరలో వేసిన మొక్కలు నీళ్ల మీద తేలిపోతున్నాయి. మళ్లీ వాటినే పట్టుకుని గుచ్చుతోంది.

అప్పుడు తల ఎత్తి చూసింది. అటు మారెమ్మ మునుం, ఇటు ఈరమ్మ మునుం, రెండూ నిండుగా ఉన్నాయి. తనది ఖాళీ. చేతిలో నారుకట్ట నీళ్లలో పెట్టి, ఆ సందులోంచే వెనక్కి నడిచి గట్టెక్కి, కాలవలో చేతులు కడుక్కుని గోదాము వైపు వెళ్లిపోయింది.

"నాటు నిలపుండ్రి," అంది ఈరమ్మ.

పదిహేడు మందీ గట్టెక్కి కూర్చున్నారు. బాబ్జీ నారు వంకా కాలువ వంకా చూశాడు. ఆ రోజు సాయంత్రం దాకానే కాలువలో అతని వంతు నీళ్లు. పీకిన నారు నాలుగెకరాలకి సరిపడా గట్ల మీద ఎండలో ఉంది. ఈ గుంపు కదిలిపోతే సీజన్ మధ్యలో ఇంకో గుంపు దొరకదు.

"ఏమైంది ఈరమ్మా? చీర వద్దంటే తీసేస్తాను," అన్నాను. నాకు నిజంగా అర్థం కాలేదు.

మారెమ్మే చెప్పింది, తల దించుకుని. "శావంత్రి చెయ్యి నిదానమమ్మా. మా ఇద్దరి నడుమల పెట్టుకుంటం. అటు రెండు కుదుళ్లు నేను, ఇటు రెండు కుదుళ్లు ఈరక్క, ఆమె మునుంలకి చెయ్యి సాపి నాటుతం. మూడేండ్ల నుంచి గంతే. ఇయ్యాల చీర మీద ధ్యాస వడి నేను నాదే నాటుకున్న. వరసతోని పోవాలె గదా, ఈరక్క ఒక్కదాని చెయ్యి సాలలె."

ఆ గట్టు మీద నాకు నిలబడటానికి చోటు లేనట్టనిపించింది. ముప్పై ఏళ్లలో ఎన్ని బహుమతులు పంచానో! ఒక్కసారీ ఆ బహుమతి రానివాళ్ల మునుం వైపు చూడలేదు.

గోదాములో

ఈరమ్మ వెంట నేనూ వెళ్లాను. శావంత్రి బట్టలు మూట కడుతోంది. ఏడవటం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది చూడ్డానికి.

"క్షమించమ్మా, నా తప్పు. ఆ చీర పట్టుకొచ్చి నిన్ను నలుగురిలో..."

"చీరదేముందమ్మా," అంది శావంత్రి. "నా చెయ్యి నేర్చిందనుకున్న. మా బిడ్డలకి సెప్పిన, మీ అమ్మ అందర్తోని సమానం నాటుతదే అని. మూడేండ్లు వీండ్ల కష్టం తిన్ననని నాకు ఒక్కరన్న సెప్పలె." ఈరమ్మ వైపు తిరిగింది. "నువ్వన్న సెప్పొద్దా అక్కా?"

"సెప్తే నీ చెయ్యి వణుకుతుండె," అంది ఈరమ్మ. "వణికే చెయ్యికి నాటు రాదు. నేను కొత్తగ వచ్చినప్పుడు నా మునుంల ఎవరు నాటిండ్రో నాకు ఇప్పటికీ తెల్వదు. అడగలె."

"నేనైతే బరువు గాను. ఊరికి పోత."

ఈరమ్మ నా వైపు చూసి అంది. "చీర మాట వచ్చినప్పుడే నేను ఖరాఖండిగ వద్దనాల్సింది. సుట్టమని ఊకున్న. గుంపు నాది, తప్పు నాది. అక్కది గాదు."

మా ఫ్యాక్టరీలో మిషన్ ఆగితే ఫోర్‌మన్‌ది తప్పు, ఫోర్‌మన్‌ని అడిగితే ఆపరేటర్‌ది తప్పు. చివరికి రాత్రి కాపలా మనిషి దాకా దిగేది ఆ తప్పు. పైనున్న మనిషి కిందకి తోయకుండా తప్పు తన మీద వేసుకోవడం నేను చూడటం ఆ గోదాములోనే మొదటిసారి. అది కూడా నేను చేసిన తప్పు.

"సరే, పోతె పో," అంది ఈరమ్మ శావంత్రితో. "బస్సు మూడింటికి గాని రాదు. అందాక ఒక పని జెయ్యి. ఈ అక్కకి నాటు నేర్పియ్యి."

"ఎవరికీ, నాకా?" ఉలిక్కిపడ్డాను. అరవై దాటినదాన్ని, మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి.

"నీకే. సెప్పేటోళ్లు నేర్వొద్దా ఏంది?"

మడిలో

సుజాత పాత చీర కట్టుకుని దిగాను. దిగిన మొదటి నిమిషంలోనే వెనక్కి పడి కూర్చున్నాను, నడుం దాకా బురద. పద్దెనిమిది మందీ నవ్వారు. బాబ్జీ ఫోన్ తియ్యబోతే సుజాత లాక్కుంది.

ఈరమ్మ వరస సర్దింది. నన్ను మధ్యలో నిలబెట్టింది. కుడివైపు మారెమ్మ, ఎడమవైపు శావంత్రి. శావంత్రి మూడు మొక్కలు తీసి, బొటనవేలుతో వేళ్ల దగ్గర నొక్కి ఎలా దింపాలో చూపించింది. "గట్టిగ గుచ్చకమ్మా, లోతు పోతది. పట్టి వదలాలె, గంతే." నా మొదటి పది మొక్కలూ తేలాయి. పదకొండోది నిలబడింది. అంత చిన్న మొక్క నిలబడితే అంత సంతోషం వస్తుందని నాకు తెలీదు.

ఎండ నెత్తికెక్కింది. నడుం విరిగిపోతోంది. కానీ ఆశ్చర్యం, నేను వెనకబడలేదు! అందరితో పాటే అడుగు వెనక్కి పడుతోంది. ముందుకి చూస్తే నా మునుం కూడా పచ్చగా నిండి ఉంది. పర్వాలేదే, ఈ వయసులో కూడా ఇంత చెయ్యి తిరిగిందా అని నాలో నేనే పొంగిపోయాను. గట్టు మీద బాబ్జీకి వినపడేలా, "చూశావురా, మీ అక్కని!" అని అరిచాను కూడా.

ఆ అరుపు అరిచి తల దించుతున్నప్పుడు చూశాను. ఎడమవైపు నుంచి బురద అంటిన ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి నా మునుంలోకి వచ్చింది, రెండు కుదుళ్లు నాటింది, వెళ్లిపోయింది. శావంత్రి నా వైపు చూడటం లేదు. తన పట్టీలో రెండు నాటింది. మళ్లీ ఆ చెయ్యి నా వైపు వచ్చింది. నిదానపు చెయ్యే, కానీ ఒక్క మొక్కా తేలలేదు.

నేనూ చూడనట్టే వంగి నాటాను. కళ్లలోంచి నీళ్లు కారి ముక్కు మీదుగా మడిలో పడుతున్నాయి. తుడుచుకోవడానికి రెండు చేతులకీ బురదే.

మూడున్నరకి గట్టు చేరాం. మూడింటి బస్సు కాలువ రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ ఎప్పుడో వెళ్లిపోయింది, ఎవరూ తలెత్తి చూడలేదు. శావంత్రి పక్కన చతికిలబడి అడిగాను, "నా నాటు ఎలా ఉందమ్మా, నిజం చెప్పు."

ఆమె మడి వైపు నింపాదిగా చూసింది. "మంచిగ నాటిండ్రమ్మా. అందర్తోని సమానం వచ్చింది," అంది. మొహంలో నవ్వు గానీ జాలి గానీ లేవు.

ఈరమ్మ కాళ్లు కడుక్కుంటూ మర్నాటి వరస చెబుతోంది. కుడి చివర ఎవరు, ఎడమ చివర ఎవరు. మధ్యకి వచ్చేసరికి ఆగింది.

"నడుమల ఈ అమ్మ ఉంటది గదా," అంది శావంత్రి. "ఆమె పక్కన నేనుంట."

మర్నాడు పొద్దున ఏడింటికి నాకు హైదరాబాదు బస్సు ఉంది, టికెట్టు కూడా కొనేశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. శావంత్రి నా జవాబు కోసం చూస్తోంది, ఈరమ్మా చూస్తోంది.

"ఉంటాను," అన్నాను.